కరెంటు పోయిందని మెషిన్‌లో చెయ్యి పెట్టొద్దు

గాలిదుమారం లేస్తే మన దిక్కు ఫీడర్ ట్రిప్ అవ్వడం మామూలే. వరంగల్ ములుగు రోడ్డు మీది చిన్న ఫౌండ్రీ అయినా, కడ్డీలు తీసే రీ-రోలింగ్ మిల్లు అయినా, కరెంటు పోగానే సూపర్‌వైజర్ నోట వచ్చే మాట ఒకటే: "ఎట్లాగూ ఆగింది గదా, ఆ కన్వేయర్ బెల్టు జర సర్దు." కానీ ఆ కరెంటు తీసింది ఫిట్టర్ కాదు, ఎప్పుడొస్తుందో కూడా అతని చేతుల్లో లేదు. ఇక్కడ రోలర్ కింద ఒక మనిషి వంగి ఉన్నాడని సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ వేసే ఆపరేటర్‌కు తెలిసే దారే లేదు.

"స్టార్టర్‌లో కరెంటు పోగానే దాన్ని విడదీసే నో-వోల్ట్ కాయిల్ ఉంది, కరెంటొచ్చినా మోటార్ దానంతటది తిరగదు" అని ధైర్యం చెప్తారు. మోటార్‌కు కరెంటు కలిపే, తెంచే కాంటాక్టర్ అంటుకుపోనంత వరకు స్టార్-డెల్టా స్టార్టర్ విషయంలో అది నిజమే. మరి ప్రెజర్ స్విచ్ మీద నడిచే కంప్రెసర్? ఫ్లోట్ స్విచ్ ఉన్న కూలింగ్ వాటర్ పంపు? ఆటో మోడ్‌లో వదిలేసిన కన్వేయర్, మామూలు రోటరీ స్విచ్‌తో నడిచే గ్రైండర్? ఇవి సరఫరా రాగానే లేచే రకం. ఏఎంఎఫ్ ప్యానెల్ (లైన్ పోగానే జనరేటర్‌ను దానంతటదే స్టార్ట్ చేసేది) ఉన్న జనరేటరైతే లైన్ కరెంటు కోసం కూడా ఆగదు, కొద్ది సెకన్లలో తనే అందుకుంటుంది. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి లోపలికి దిగేవాళ్లకూ ఇదే గండం. ఆ ఎర్ర బటన్ చాలా యంత్రాల్లో కంట్రోల్ సర్క్యూట్‌నే తెంచుతుంది. 415 వోల్టులు కాంటాక్టర్ దాకా వచ్చి నిలబడే ఉంటాయి.

అందుకే పని ఐదు నిమిషాలదైనా ప్యానెల్ దగ్గరికి నడవాల్సిందే. మోటార్ మీది నంబరు, ప్యానెల్‌లో దానికి కరెంటు పంపే ఫీడర్ మీది నంబరు కలిశాయో చూసుకొని, ఐసోలేటర్ (సరఫరాను పూర్తిగా విడదీసే స్విచ్) హ్యాండిల్ ఆఫ్‌కు తిప్పి తాళం వేయాలి. ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవడం చిన్న యూనిట్లలో పాత అలవాటు. స్టోర్‌లో అదే సైజు ఫ్యూజులు ఇంకో డజను ఉంటాయి, సెకండ్ షిఫ్టువాళ్లు తెచ్చి పెడితే ఆపేదెవరు? ఒకే చోట ఎన్నో తాళాలు పట్టే ఆరు రంధ్రాల హాస్ప్ (కొక్కెం) తగిలిస్తే ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, హెల్పర్ ఎవరి తాళం వాళ్లు వేసుకోవచ్చు. తాళంచెవి వేసినవాడి దగ్గరే ఉండాలి. డూప్లికేట్ ఫోర్‌మన్ సొరుగులో ఉంటే ఆ తాళం వేసినా ఒకటే, వేయకున్నా ఒకటే. ట్యాగ్ మీద పేరు, ఫోన్ నంబరు, తేదీ, టైము తెలుగులోనూ హిందీలోనూ రాయాలి, బీహార్, ఒడిశా నుంచి వచ్చిన హెల్పర్లు కూడా చదవాలి కాబట్టి. ఇదంతా పెద్ద కంపెనీల ఆడంబరం అనుకునే యజమానులు 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్ తిరగేస్తే మంచిది. పొరపాటున ఆన్‌లోకి జారే స్విచ్‌కు తాళం ఏర్పాటు ఉండాలని 1976 సవరణలోనే అందులో చేర్చారు.

తాళం వేశాక స్టార్ట్ బటన్ నొక్కి చూస్తారు, తిరగకపోతే సరేనంటారు. అది సగం పరీక్షే. మిల్లు మోటార్‌కు లూబ్ ఆయిల్ పంపుతో ఇంటర్‌లాక్ ఉంటే, పంపు ఆగి ఉన్నప్పుడు బటన్ ఎంత నొక్కినా మోటార్ కదలదు, ఐసోలేషన్ (సరఫరా విడదీయడం) అయినా కాకపోయినా. మోటార్ టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ కొలిచినా కాంటాక్టర్ తెరిచి ఉన్నందుకే సున్నా రావచ్చు. కాబట్టి ఐసోలేటర్ ఔట్‌గోయింగ్ వైపు, కాంటాక్టర్‌కు పైన కొలవాలి: ఫేజ్‌కు ఫేజ్‌కు మధ్య, ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య. కొలిచే ముందూ, కొలిచాకా టెస్టర్‌ను కరెంటున్న చోట పెట్టి పనిచేస్తోందో లేదో చూడాలి, లేకపోతే పాడైన టెస్టర్ కూడా సున్నానే చూపిస్తుంది.

ఇంతటితో కరెంటు సంగతి తేలింది, కానీ మిల్లులో దాగి ఉండే బలం కరెంటొక్కటే కాదు. ఫ్లైవీల్ మోటార్ ఆపాక కూడా నిమిషాల తరబడి తిరుగుతుంది. పూర్తిగా ఆగాక దాన్ని కదలకుండా బిగించే దాకా మోటార్‌ను యంత్రంతో కలిపే కప్లింగ్ బోల్టు ముట్టుకోవద్దు. రోళ్ల మధ్య కడ్డీ ఇరుక్కుంటే అది బిగువు మీద ఉంటుంది, గ్యాస్ కటింగ్ పెట్టగానే తెగిన కొస కొరడాలా ఎగురుతుంది. కోసేవాడు పక్కకు నిలబడాలి, ఎదురుగా ఎవరూ ఉండొద్దు. ఇనుప దిమ్మెలను లోపలికి నెట్టే ఫర్నేస్ పుషర్‌కు అక్యుమ్యులేటర్ (ఆయిల్‌ను ప్రెజర్ మీద నిల్వ ఉంచే సిలిండర్) ఉంటే పంపు ఆపినా ఆయిల్ ప్రెజర్ అందులో నిలిచే ఉంటుంది. డంప్ వాల్వు తెరిచి గేజ్ సున్నాకు దిగడం కళ్లారా చూడాలి, గేజ్ ముల్లు విరిగి సున్నా దగ్గర పడి లేదు కదా అని కూడా. 415 వోల్టుల వీఎఫ్‌డీలో (మోటార్ వేగం మార్చే డ్రైవ్) డీసీ బస్, అంటే కెపాసిటర్లలో నిలిచే డీసీ వోల్టేజీ, దాదాపు 580 వోల్టులు ఉంటుంది. ప్లేటు మీద రాసినంత సేపు ఆగి, మీటర్‌తో కొలిచాకే కవర్ లోపల చెయ్యి పెట్టాలి. ఇండక్షన్ ఫర్నేస్ కెపాసిటర్లను డిస్‌చార్జ్ చేసి, షార్ట్ చేసి, ఎర్త్ కట్టాలి.

షిఫ్టు మారేటప్పుడు వచ్చేవాళ్ల తాళం పడ్డాకే వెళ్లేవాళ్ల తాళం తీయాలి. తాళం మరచి ఇంటికి పోయిన మనిషికి ముందు ఫోన్ కొట్టాలి. అతను ప్లాంటులో లేడని, మెషిన్ దగ్గర ఎవరూ లేరని తేలాక, ఇంచార్జి రాసి సంతకం పెడితేనే తాళం కోయాలి.

పని అయ్యాక టూల్స్ లెక్క చూసుకొని, కప్లింగ్ గార్డుకు నాలుగు బోల్టులుంటే నాలుగూ బిగించాలి. ట్రయల్ చూసి మళ్లీ విప్పాలి కదా అని రెండే బిగిస్తే, ఆ ట్రయల్‌లోనే మెడలో తువ్వాల కప్లింగ్‌కు చుట్టుకుంటుంది.