ఫస్ట్ గేట్ కాడి మైసూర్ బజ్జీ

మాది ములుగు దాటినంక మేడారం తొవ్వల ఒక చిన్న ఊరు. ఇప్పుడంటే ములుగు జిల్లా అయింది గానీ 1996ల నేను కాకతీయ యూనివర్సిటీల ఎం.ఏ.ల చేరినప్పుడు అదంతా వరంగల్ జిల్లానే. మా ఇంట్ల పొద్దుగాల టిఫిన్ అనే మాటే లేకుండె, రాత్రి మిగిలిన అన్నంల ఇన్ని మజ్జిగ పోసుకొని ఉల్లిగడ్డ కొరుక్కుంట తినుడు, లేకుంటే జొన్న గటక. ఇడ్లీ అంటే జ్వరమొస్తేనో, హన్మకొండ బస్టాండ్ల దిగితేనో. అందుకే మన యూనివర్సిటీ సంచిక కోసం ఏదన్న రాయమని తమ్ముళ్ళు అడగంగనే నాకు క్లాస్ రూములు యాదికి రాలే, యూనివర్సిటీ ఫస్ట్ గేట్ బయట ఆరున్నరకే కాగే నూనె వాసన యాదికొచ్చింది.

అక్కడ యాపచెట్టు కింద ఒక బండి ఉండె. బోర్డు గీర్డు ఏం లేదు, మేమందరం అక్క బండి అనేటోళ్ళం. ఇడ్లీ, పూరి కూడ ఉండేటియి గానీ అందరం పోయేది మైసూర్ బజ్జీకే. కోస్తా దోస్తు ఒకడు అది బజ్జీ కాదు బోండా అని రోజూ కొట్లాడేటోడు, కొట్లాడుకుంటనే రెండు ప్లేట్లు తినేటోడు. అక్క రాత్రే మైదాల పుల్లటి పెరుగు, జిలకర, చిన్న చిన్న కొబ్బరి ముక్కలు వేసి కలిపి పెట్టేది, పొద్దుగాల నాలుగింటికి లేచి ఆ పిండిని చేత్తోటి ఎంతసేపు గిలక్కొట్టేదంటే చెయ్యి గుంజేదట. గట్ల కొడితేనే లోపల గాలి నిండి బజ్జీ గుల్లగ వస్తది, సోడా ఎక్కువేసి పొంగిచ్చింది నాలుక మీదనే తెలుస్తది తమ్మీ అనేది. మంట పెద్దగ పెడితే పైన ఎర్రగయి లోపల పిండి పిండి ఉంటది కాబట్టి ఎంత లైన్ ఉన్నా తొందరపడకపోయేది. చలికాలం ఇంకో తిప్పలు, ఇడ్లీ పిండి పొంగది, డిసెంబర్ల పిండి గంజు చుట్టు గొంగడి కప్పి పొయ్యి పక్కన పెట్టి పండేదట.

పల్లి చట్నీ పక్కన ఒక చెంచా ఎర్ర చట్నీ వేసేది. చూస్తే భయమైతది, అంత ఎరుపు, తింటే మాత్రం నోరు మండది. ఏందక్కా ఇది అంటే, చపాట మిరపకాయ, మా అమ్మగారిల్లు నర్సంపేట దిక్కు, అక్కడ పండుతది, రంగే గానీ కారం తక్కువ అన్నది. 2025ల ఆ చపాటకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు పంట అనే ముద్ర, వచ్చిందని ఫోన్ల చదివితే నేను ఫస్ట్ అనుకున్నది ఆమెనే.

ఆదివారం మాత్రం బండి బందు. అప్పుడు నయీంనగర్ మీదికెళ్లి హన్మకొండ చౌరస్తా దాక నడుచుకుంట పోయి ఉప్మా దోశ తినేటోళ్ళం, పెద్ద దోశల పొగలు కక్కే ఉప్మా పెట్టి మడిచి ఇస్తరు, అది తిన్నంక మధ్యాహ్నం అన్నం అక్కర్లే. అక్కడికెళ్లి వేయిస్తంభాల గుడి దగ్గరే కదా. 1163ల రుద్రదేవుడు కట్టిచ్చిన గుడి, ఎక్కడెక్కడోళ్ళో చూడనీకి వస్తరు, మేమేమో కడుపు నిండినంక ఆ నల్లరాతి చల్లదనంల కూసొని పేపర్ చదివేటోళ్ళం. ఆర్‌ఈసీల, ఇప్పుడు ఎన్‌ఐటీ, మా ఊరి పిల్లగాడు ఒకడుండె, వాని దగ్గరికి పోతే పొద్దుగాల కాజీపేట స్టేషన్ బయట చాయ్, సమోస. అంతే, అక్కడ తిండి కంటే రైళ్ళు చూసుడే ఎక్కువ.

అసలు చెప్పాల్సింది 1998 మేడారం జాతర సంగతి. ఫిబ్రవరి నెల, బస్టాండ్ల కాలు పెట్ట సందు లేదు. అక్క బండి బందు పెట్టి నిలువెత్తు బంగారం, అంటే మనిషెత్తు బెల్లం, మొక్కు తీర్చనీకి కొడుకును తీసుకొని బయలెల్లింది, మా ఊరు తొవ్వలనే గదా అని నేనే మా ఇంటికి తోలుకపోయిన. రాత్రి మా ఇంట్లనే పండుకున్నరు. తెల్లారి నాకు మస్తు టెన్షన్, రోజూ మాకు వేడి వేడి బజ్జీ పెట్టే మనిషికి మా అమ్మ ఏం పెడ్తదో అని, కనీసం ఉప్మా అన్న చెయ్యమని అమ్మ చెవుల చెప్పిన. అమ్మ ఇంట్ల రవ్వ లేదు బిడ్డా అన్నది. సద్దన్నమే పెట్టింది, మజ్జిగ, పచ్చి ఉల్లిగడ్డ, ఇంత మామిడికాయ తొక్కు. అక్క కూసొని తిన్నది, మళ్ళ అడిగి వేయించుకున్నది. పెండ్లయి పట్నమొచ్చి పదేండ్లాయె వదినా, పొద్దుగాల గిట్ల కూసొని చల్లటన్నం తిననే లేదు, నూనె ముందట నిలబడి నిలబడి నేను చేసిన టిఫిన్ నాకే తినబుద్ధి కాదు అన్నది. మా అమ్మ ఇంకేం మాట్లాడలే, పోయేటప్పుడు ఒక సర్వపిండి గుడ్డల మూట కట్టి, తొక్కు సీసా ఇచ్చి పంపింది.

గప్పటిదాక హాస్టల్ల ఎవరన్న మీ ఇంట్ల పొద్దుగాల ఏం తింటరు అంటే ఇడ్లీ అని చెప్పేటోన్ని. ఆ జాతర తర్వాత చెప్పలే.

జాతర నుంచి వచ్చినంక అక్క వారం రోజులు ప్రతి ప్లేట్ల ఒక బెల్లం ముక్క వేసిచ్చింది. ఏప్రిల్ల మా పరీక్షలైనయ్, నాకు ఉద్యోగం ఆదిలాబాద్ దిక్కు వచ్చింది, మూడు నాలుగేండ్లకు పోయి చూస్తే యాపచెట్టూ లేదు, బండీ లేదు. మొన్న పోయినప్పుడు అక్కడ వరుసగ నాలుగు బండ్లున్నయ్, ఒకదాని కాడ మైసూర్ బజ్జీ తిన్న. లోపలిదాక ఉడికింది, గుల్లగుంది, చేసే పిల్లగాడు మంచిగ చేస్తుండు. ఎర్ర చట్నీ అడిగిన, లేదన్నడు.

96-98 బ్యాచోళ్ళు, మన వెనక చదివినోళ్ళు ఎవరికన్న అక్క జాడ తెలిస్తే జర నాకు చెప్పుండ్రి. కొడుకు అప్పుడు ఐదో తరగతి, ఇప్పుడు నలభైకి దగ్గరుంటడు. మా అమ్మ 2019ల పోయింది, అక్కకు ఆ సంగతి తెల్వదు. పోయేముందు దాక నేను హన్మకొండ పోయొస్తున్న అంటే చాలు, ఆ బజ్జీల పిల్ల కనబడ్డదా అని అడిగేది.