40 క్వింటాల బాకీ

నాన్న బత్తాయి లెక్కల కోసం రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. మా తోట నల్లగొండ జిల్లాలో, గుర్రంపోడు వైపు. కాయలు ఎక్కువగా బాటసింగారం పండ్ల మార్కెట్‌కు వెళ్తాయి. మొన్నటి లోడు 40 క్వింటాళ్లు. క్వింటాకు రెండు కిలోల చొప్పున తరుగు 80 కిలోలు. నా ప్రోగ్రామ్ 40లోంచి 80 తీసేసి మైనస్ 40 చూపించింది. నాన్న తెర వంక కాసేపు చూసి, "అంటే మనమే ఇంకో 40 క్వింటాలు కోసి ఇవ్వాలా?" అన్నాడు.

రెండూ ఎఫ్64 (దశాంశాలుండే) అంకెలే కాబట్టి, రాసిన కోడ్‌ను తనిఖీ చేసి యంత్రభాషలోకి మార్చే కంపైలర్ కిమ్మనలేదు. 1999లో నాసా తన అంగారక నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను పోగొట్టుకున్నదీ ఇలాంటి కొలతల గందరగోళంలోనే, పౌండ్లకూ న్యూటన్లకూ మధ్య. మాది కాయలతో పోయింది.

మందు తెలిసిందే: కిలోకు ఒక టైపు (విలువల రకం), క్వింటాలుకు ఇంకొకటి. కానీ ప్రతి టైపుకూ కూడిక, తీసివేత, పోలిక, తెర మీద చూపించే పద్ధతి మళ్లీ మళ్లీ రాయాలి. మూడో టైపు దగ్గర విసుగొచ్చి 'కొలత' అనే మాక్రో, అంటే అడిగిన చోట కోడ్‌ను తానే రాసిపెట్టే అచ్చు, రాశాను. ఫంక్షన్ కొత్త టైపును పుట్టించలేదు; మాక్రో పుట్టిస్తుంది, ఎందుకంటే టైపుల తనిఖీ మొదలయ్యేలోపే అది విస్తరిస్తుంది. కాటా చీటీల పుస్తకం అచ్చు వేయించినట్టే: గళ్లన్నీ ఒకటే, పైన పేరు ఒక్కటే మారుతుంది. పేరుతో పాటు లోపలి అంకె రకాన్ని కూడా అడిగేలా పెట్టాను, డబ్బును పైసల్లో పూర్ణాంకంగా దాచాలి గనుక. గుణకారం మాత్రం కావాలనే వదిలేశాను. రూపాయిని రూపాయితో గుణిస్తే వచ్చేదేమిటి?

2021లో వచ్చిన 1.53 వెర్షన్ నుంచి రస్ట్‌లో పేర్లు తెలుగులోనూ పెట్టుకోవచ్చు. ఆ సరదాతో కిలో, రూపాయి, క్వింటాల్ అని వరుసగా ఇచ్చాను. మొదటి రెండూ నేను టైపు చేసినవి, మూడోది ఫోనులోని పాత జాబితా నుంచి తెచ్చి అతికించినది. దాని దగ్గర కంపైలర్ ఆగిపోయింది. బాణం గుర్తు చూపించిన చోట ఏమీ లేదు! అరగంట తర్వాత దొరికింది: పొల్లు తర్వాతి అక్షరంతో అతుక్కోకుండా మనం పెట్టుకునే కనిపించని అక్షరం, యూనికోడ్‌లో 200సి. పేర్లలో రస్ట్ దాన్ని ఒప్పుకోదు. తెలుగు రాతకు అది రోజూ కావలసిందే, అదీ తమాషా.

దాన్ని చెరిపేస్తే సరిపోయేది. కానీ నాన్న మాటలో అసలు ఆ పొల్లే లేదు కదా. టైపు పేరు 'క్వింటా' అని మార్చాను. క్వింటాలోంచి కిలో తీయబోతే ఇప్పుడు కంపైలరే అడ్డుపడుతోంది. ముందు కిలోల్లోకి మార్చక తప్పదు.

నికరం 3,920 కిలోలు. నాన్న కళ్లజోడు సర్దుకుని, "సరే, ఇక రేటు కట్టు" అన్నాడు.