గూడు పైన జానెడు సందు

డిసెంబర్ వచ్చిందంటే మా ఉట్నూరు వైపు పొద్దున 8 దాటినా పొగమంచు వదలదు. హనుమకొండలో పుట్టి పెరిగిన నాకు, ఆదిలాబాద్ జిల్లాకు కోడలిగా వచ్చాకే చలి అంటే ఏంటో తెలిసింది. రాత్రిళ్లు 10 డిగ్రీల కిందికి పోవడం ఇక్కడ మామూలే. కొన్నేళ్లు 5, 6 దాకా కూడా దిగుతుంది.

మా పెరట్లో 18 కోళ్లున్నాయి. 11 నాటు పెట్టలు, 2 పుంజులు, 5 గ్రామప్రియలు. గ్రామప్రియ మన రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం, గుడ్లు బాగా పెడుతుంది. వీటిని చూసుకునేది నేనే. మొదటి చలికాలంలో నేను చేసిన పొరపాటు ఇంకెవరూ చేయకూడదని ఇది రాస్తున్నాను.

ఆ ఏడు చలి ఎక్కువైందని భయపడి, గూడు నాలుగు వైపులా, పైనా కలిపి టార్పాలిన్ కప్పి తాడుతో బిగించాను. పిల్లలకు దుప్పటి కప్పినట్టే అనుకున్నాను. పది రోజులు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే పట్టా ఎత్తితే ఘాటు వాసన గుప్పుమని కొట్టి కళ్లల్లో నీళ్లొచ్చాయి. పట్టా లోపలి వైపంతా నీటి బొట్లు. కింద పరిచిన ఊక తడిసి ముద్దలు కట్టింది. మూలన మా నల్ల పెట్ట మెడ చాచి, నోరు తెరుచుకుని కూర్చుంది. చేతిలోకి తీసుకుంటే ఊపిరి తీసిన ప్రతిసారీ ఛాతీలో గురగురమని శబ్దం నా వేళ్లకు తగిలింది. ఆ వారంలో అది పోయింది, ఇంకో రెండు కూడా పోయాయి.

మా అత్తమ్మ గూటి దగ్గరికి వచ్చి పట్టా మొత్తం లాగేసి, "చలికి కోడి సావదు బిడ్డా, ఉక్కకు సస్తది" అంది.

తర్వాత పశువుల డాక్టర్ గారిని అడిగితే ఆయనా అదే చెప్పారు. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది. ఈకల మధ్య నిలిచే గాలే దానికి దుప్పటి. ఆ ఈకలకు తేమ పట్టిందంటే వెచ్చదనం పోతుంది. రాత్రంతా ఊపిరి నుంచీ రెట్ట నుంచీ తేమ వస్తూనే ఉంటుంది, దానికి బయటికి దారి ఉండాలి. లేకపోతే తడి రెట్టలోంచి పుట్టే అమోనియా గొంతు లోపలి పొరను దెబ్బతీస్తుంది, ఆ తర్వాత రోగం పట్టడం తేలిక. మంచు కురిసే దేశాల్లో కూడా గూటికి పైన గాలి దారి వదులుతారు. అక్కడ తేమ ఉన్న గూళ్లలోనే ఎక్కువగా కోళ్ల తలమీది ఎర్ర జుట్టు గడ్డకట్టి నల్లబడుతుంది.

మా ఆయన గూడు పైభాగంలో రెండు వైపులా జానెడు ఎత్తున చెక్కలు తీసేసి, ముంగిసలు దూరకుండా సన్న జాలి కొట్టాడు. కోళ్లు కర్రెక్కి కూర్చుంటే ఆ సందు వాటి తలలకు పైన ఉండాలి. వెచ్చటి తడిగాలి పైకెక్కి పోతుంది, చలిగాలి మాత్రం నేరుగా ఒంటికి తగలదు. ఉత్తరం వైపు కింద సగం దాకా రాత్రిపూట గోనెసంచులు కడతాను, పొద్దున విప్పి ఎండలో వేస్తాను.

కూర్చునే కర్ర కూడా మార్చాం. గుండ్రటి వెదురు తీసేసి, పాత తలుపు చెక్కను 2 అంగుళాల వెడల్పుగా కోసి పెట్టాం. పాదం పరిచి కూర్చుంటే పొట్ట ఈకలు వేళ్లను పూర్తిగా కప్పుతాయి. చిన్న మార్పే, కానీ రాత్రి టార్చ్ వేసి చూస్తే ఒక్క వేలు కూడా బయటికి కనిపించదు.

మేత సంగతి: పొద్దుగూకే ముందు ఒక్కో కోడికి పిడికెడు జొన్నలో మక్కలో వేస్తాను. అవి రాత్రంతా అరుగుతూ ఒంట్లో వేడి పుట్టిస్తాయి. పొద్దున నీళ్లు గోరువెచ్చగా పెడతాను, చల్లటి నీళ్లు సరిగ్గా తాగవు. గుడ్లు తగ్గాయని టెన్షన్ పడొద్దు. కోడికి బాగా గుడ్లు పెట్టాలంటే 14 గంటల వెలుతురైనా కావాలి, డిసెంబర్‌లో మనకు పగలు 11 గంటలే. కొందరు తెల్లవారుజామున బల్బు వేస్తారు. నేను వేయను. ఈకలు రాల్చి కొత్తవి వేసుకునే కాలం, వాటికీ విశ్రాంతి కావాలనిపిస్తుంది.

కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) టీకాలు మాత్రం చలి ముదరకముందే అయిపోవాలి. కోడిపిల్లలకు మొదటి వారంలో లసోటా అనే టీకా చుక్క, నాలుగో వారంలో మళ్లీ అదే, ఎనిమిదో వారంలో ఆర్2బి అనే టీకా ఇంజెక్షన్. టీకా సీసా ఐస్‌లో పెట్టే తేవాలి, జబ్బుగా ఉన్నదానికి వేయకూడదు. మార్గశిరం, పుష్యం నెలల్లో నేను పెట్టలను పొదగెయ్యను. ఈ చలిలో పిల్లలు నిలబడటం కష్టం.

నిన్న రాత్రి 9 గంటలకు గూటి తలుపు తీసి చెవి పెట్టి విన్నాను. ఎక్కడా గురక లేదు. ఊక పిడికిట్లోకి తీసుకుని గట్టిగా పిండాను. వేళ్లు విప్పగానే పొడిపొడిగా రాలిపోయింది.