62 నుంచి సున్నాకు

62, 62, 61, 48, 33, 9, 0. మా లారీ వేగం, గంటకు కిలోమీటర్లలో, సెకనుకొకటి. పొద్దున్నుంచి ఈ ఏడు అంకెలే చూస్తున్నాను.

మిర్యాలగూడలో బియ్యం ఎత్తుకుని వస్తున్న మా లారీ మొన్న రాత్రి నల్లగొండ దాటాక గడ్డి ట్రాలీని వెనక నుంచి గుద్దింది. ప్రాణాలకేమీ కాలేదు. కానీ డ్రైవర్ నిద్రపోయాడని అందరూ తీర్పు చెప్పేశారు. జీపీఎస్‌లో పది సెకన్లకొక చుక్క పడుతుంది. ఒక చుక్క దగ్గర 62, తర్వాతి చుక్క దగ్గర సున్నా. ఓనర్‌కు అది చాలింది.

ఇంజన్ కంప్యూటర్ మాత్రం సెకను సెకనూ రాసుకుంది. 61 ఉన్న వరుసలోనే బ్రేకు పడింది. అక్కడి నుంచి సెకనుకు పదమూడు, పదిహేను చొప్పున వేగం తగ్గింది. 33 నుంచి 9కి పడింది చూడండి, అది బ్రేకు పని కాదు. ట్రాలీ తగిలింది అక్కడే.

ఇంకో తమాషా. ఫైలులో సమయం గ్రీనిచ్ లెక్కన, మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. రాత్రి 8:40కి జరిగింది మధ్యాహ్నం 3:10 అని కనిపిస్తుంది. అది చూసి "పట్టపగలు ట్రాలీ కనపడలేదా?" అని ఓనర్ అప్పటికే అరిచేశాడు.

మధ్యాహ్నం డ్రైవరన్నను కూర్చోబెట్టి వరుసలన్నీ చూపించాను. చాలాసేపు చూశాడు.

"ట్రాలీకి వెనక లైటు లేదని ఇందులో ఉందా సార్?"

లేదన్నా, అన్నాను.