బ్లాక్ ఓయిస్టర్ స్నేర్: ఆ రెండు బెజ్జాల సంగతి తేలట్లేదు

నా పాత స్నేర్ డ్రమ్ములు (కింద తీగలు బిగించి ఉండే చిన్న డ్రమ్ములు) అసలువేనా, తర్వాతెవరైనా మార్చారా అని పరీక్షించడం మొదలెట్టి ఇది నాలుగో వారం. నిన్న రాత్రి ఒంటిగంట దాకా టార్చి, వెర్నియర్ పట్టుకుని కూర్చున్నా 1964 నాటి లుడ్విగ్ కంపెనీ జాజ్ ఫెస్టివల్ మోడల్ స్నేర్ సంగతి తేలలేదు. ఒకటే టెన్షన్.

రోజర్స్ కంపెనీ డైనా-సోనిక్ స్నేర్ మాత్రం పాసైంది. ఇత్తడి షెల్లే (డ్రమ్ గుండ్రటి ఒళ్లు), దాని మీద ఉండాల్సిన ఏడు గీతలూ ఉన్నాయి.

ఇక అసలు తలనొప్పి లుడ్విగ్‌ది. స్ట్రెయినర్ (కింది తీగలను బిగించే మీట) విప్పితే, లోపలి వైపు ఏ స్క్రూకీ సరిపోని రెండు బెజ్జాలు కనిపించాయి. వ్యాసం 5.1 మి.మీ., మధ్య దూరం 19 మి.మీ., కింది అంచు నుంచి 46. అవి చెక్కను పూర్తిగా దాటాయి గానీ పైనున్న ర్యాప్‌కు (షెల్ మీద అంటించిన, బ్లాక్ ఓయిస్టర్ అనే నలుపు-తెలుపు పెర్ల్ రేకుకు) చిల్లు పడలేదు. లోపలి నుంచి అగ్గిపుల్లతో నొక్కితే ర్యాప్ కాస్త కదులుతోంది. మిగతా బెజ్జాలన్నిటిలో ర్యాప్, చెక్క ఒకే కోతలో తెగి ఉన్నాయి. అంటే ఈ రెండూ ర్యాప్ అంటించక ముందువి. చూడగానే "మళ్లీ ర్యాప్ వేశారు" అనుకుని గుండె జారిపోయింది.

కానీ మిగతా సాక్ష్యాలన్నీ ఎదురు తిరుగుతున్నాయి. అరవైల్లో లుడ్విగ్ వాళ్లు ర్యాప్ కొసను షెల్ బయటి పొర అతుకులోకి దూర్చేవాళ్లు. తర్వాత వేసిన ర్యాప్ అయితే మామూలుగా కొస మీద కొస ఎక్కి ఉంటుంది. నా దాంట్లో కొస అతుకులోనే ఉంది, ఆ అతుకును తెరిచిన జాడ లేదు. లగ్‌ల (డ్రమ్ చర్మం బిగించే స్క్రూలు పట్టే లోహపు దిమ్మల) కింద పెర్ల్‌లోని తెలుపు తెల్లగానే, బయట పసుపుగా ఉంది. ఆ తేడా రావడానికి ఏళ్లు పడుతుంది. బ్యాడ్జ్ గ్రామెట్ (కంపెనీ బిళ్లను పట్టి ఉంచే లోహపు రింగు) చుట్టూ రెండో ముద్ర లేదు, అంటే దాన్ని ఊడదీసి మళ్లీ పెట్టలేదు.

నిన్న దొరికిన కొత్త ఆధారం రంగు. ఆ రెండు బెజ్జాల గోడలకు షెల్ లోపలి తెల్ల రంగు పట్టి ఉంది. లగ్ బెజ్జాల్లో పచ్చి చెక్కే. తర్వాతెవరో రంగు వేసి ఉంటే అన్నిటిలోకీ పోయేది కదా? నా ఊహ, ఫ్యాక్టరీలోనే తప్పుగా తొలిచిన షెల్‌ను పారేయకుండా వాడేశారని. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ బ్యాండ్ లుడ్విగ్ డ్రమ్ములతో అమెరికా టీవీలో కనిపించాక ఆ ఫ్యాక్టరీలో రాత్రింబవళ్లు పని నడిచింది. అయినా ఇది నాకు అనుకూలమైన జవాబు, అందుకే ఇంకా నమ్మట్లేదు.

లోపలి తేదీ ముద్రను నేను లెక్కలోకి తీసుకోను, రబ్బరు స్టాంపు ఎవరైనా చేయించుకోవచ్చు. బ్యాడ్జ్ నంబర్లూ అంతే. వాళ్లు వరుసగా వాడలేదు కాబట్టి ఏడాది అటూ ఇటూ అయితే నకిలీ అనేయకూడదు.

హెయిర్ డ్రయ్యర్‌తో ర్యాప్ లేపి చూడమని కొందరంటారు. దయచేసి ఆ పని చేయకండి. పాత పెర్ల్ సెల్యులాయిడ్, వేడికి ముడుచుకుంటుంది, ఇట్టే అంటుకుంటుంది కూడా.

మొదటి నుంచీ ఒకే యజమాని దగ్గరున్న అదే కాలపు స్నేర్ ఒకటి ఆదివారం చేతికొస్తోంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి యూవీ టార్చితో ర్యాప్, లోపలి రంగు పోల్చాలి. ఆ తర్వాత స్లింగర్‌ల్యాండ్ కంపెనీ రేడియో కింగ్ స్నేర్ వంతు. ఒకే మేపుల్ పలకను ఆవిరికి వంచిన షెల్ అది, నా మట్టుకు దానికి సాటి లేదు. అతుకు దగ్గర సన్నటి గీత ఒకటి కనిపిస్తోంది. పగులా, పాత జిగురా అన్నది ముందు చూడాలి.