నొప్పి లేదుగా, ఇంకేం?

కాళ్లు మొద్దుబారినట్టు ఉంటున్నాయని చెబితే మా షుగర్ డాక్టర్ గారు అన్న మాట అది. ఏళ్ల తరబడి ఆయన దగ్గరికే వెళ్లాను. రక్తపరీక్ష కాగితం చూస్తారు, మందు మారుస్తారు. చెప్పులు విప్పి పాదం చూపించమని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఇది కోపంతోనే రాస్తున్నాను.

అసలు నొప్పి తెలియకపోవడమే జబ్బట. షుగర్ వల్ల పాదాల్లో నరాలు దెబ్బతింటే ఏది గుచ్చుకున్నా, కాలినా తెలియదు. చెమట పట్టక చర్మం పొడిబారి పగులుతుంది కూడా. నా బూటులో చిన్న రాయి దూరింది. రోజంతా దాని మీదే నడిచాను. సాయంత్రం మేజోడుకి అంటిన తడిని చూసింది మా అమ్మాయి. బొటనవేలి కింద పుండు.

ఆస్పత్రిలో చేరడం, పుండు శుభ్రం చేయడం, ఎక్స్‌రేలో ఎముకకి ఏం కాలేదని తేలడం, ఇవన్నీ అందరికీ ఉండేవే. ఆ రాత్రి గురించి మాత్రం చెప్పాలి. జ్వరం, వణుకు. పాదం మీది ఎరుపు చీలమండ వైపు పాకుతోంది. డ్యూటీ డాక్టర్ ఫోన్ చూసుకుంటూనే, "పొద్దుటికి ఇంకా పైకొస్తే వేలు తీసేద్దాం" అని వెళ్లిపోయాడు. మా ఆడపడుచు ధైర్యం చెప్పబోయి, "వేలే కదా వదినా, కాలు కాదుగా" అంది. మనసు మంచిదే. అయినా ఆ మాట నాకింకా మింగుడుపడలేదు.

కాసేపటికి నర్సమ్మ వచ్చి ఎరుపు అంచు వెంబడి పెన్నుతో గీత గీసి, పక్కన టైమ్ రాసింది. "ఇది దాటిందేమో నేను చూస్తుంటాను, మీరు పడుకోండమ్మా" అంది. నిద్రెక్కడిది? సెల్ లైట్ వేసి గీత చూసుకోవడం, దేవుడికి దండం పెట్టుకోవడం, మళ్లీ చూసుకోవడం. ఒకసారి దాటినట్టే అనిపించి పిలిచాను. "కొంచెం దాటింది" అని ఉన్నదున్నట్టు చెప్పి, ఆ డాక్టర్‌ని లేపి మందు మార్పించింది. తెల్లారేసరికి ఎరుపు అక్కడే ఆగింది. మర్నాటికి తగ్గుముఖం పట్టింది.

వేలు దక్కింది. నేను దేవుడి దయ అంటే మా ఆయన యాంటీబయాటిక్ దయ అంటారు. ఎవరి దయైనా కానీ, నా మొదటి దండం ఆ నర్సమ్మకే.

పుండు మానడానికి మాత్రం నెలలు పట్టింది. దాని మీద బరువు పడకూడదని మోకాలి కిందిదాకా కట్టు వేశారు. నొప్పి ఉండదు కాబట్టి లేచి తిరగాలనిపిస్తుంది, అదే ప్రమాదం. పాదాల క్లినిక్‌లో డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగు అరికాలికి ఆనించింది. అది 10 గ్రాముల ఒత్తిడికి వంగుతుంది. చాలాచోట్ల నాకు ఆనించినట్టే తెలియలేదు. నిమిషాల్లో అయిపోయే పరీక్ష! ముందే ఎవరైనా చేసి ఉంటే? మానిన పుండ్లలో 100కి దాదాపు 40 ఏడాదిలోపే తిరగబెడతాయని కూడా ఆవిడే చెప్పింది.

అందుకే ఇప్పుడు బూటు వేసుకునే ముందు దులిపి, లోపల చేత్తో తడిమి చూస్తాను. నీళ్ల వేడి కాలితో కాదు, మోచేత్తో చూసుకోవాలి. పాదానికి క్రీమ్ రాయండి, వేళ్ల సందుల్లో మాత్రం వద్దు, అక్కడ తడి నిలిస్తే చర్మం నానిపోతుంది. ఆనెకాయల్ని బ్లేడుతో కోసుకోకండి, మందు పట్టీలూ వేయకండి. ఒక పాదం రెండోదానికంటే వెచ్చగా ఉన్నా, ఎర్రబడినా, వాచినా ఆ రోజే చూపించుకోండి. నొప్పి కోసం ఎదురుచూడకండి.

నాకు వంగితే అరికాలు కనబడదు, నేల మీద అద్దం పెట్టుకుని చూస్తాను. అమ్మాయి ఇంట్లో లేని రోజు ఫొటో తీసి పంపమని ఆర్డర్. పంపితే ముందు గోళ్ల గురించి తిడుతుంది: "అంచులు గుండ్రంగా కాదమ్మా, అడ్డంగా తిన్నగా కత్తిరించమన్నానా లేదా?"