గేటు మీద ఆరు అక్షరాలు

ఇలాంటి పూర్వ విద్యార్థుల సంచికల్లో మామూలుగా గంట గురించీ, ఆటస్థలం గురించీ, గోడ దూకి పారిపోయిన రోజుల గురించీ రాస్తారు. అవి రాసేవాళ్లు ఈసారీ ఉంటారు కాబట్టి నేను గేటు మీద రాసి ఉన్న మాట గురించి రాస్తాను. స్కూల్. అన్నేళ్లు రోజూ దాని కింద నుంచే లోపలికి వెళ్లాం గానీ, ఆ మాటేమిటని ఆగి చూసినవాళ్లు మనలో తక్కువ. మా బ్యాచ్‌ని ఆపి చూపించింది మా ఇంగ్లీషు మాస్టారు.

ఆ రోజు పాఠం వేరే. ఒకడు లేచి పైకి చదువుతూ "ఇస్కూల్" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. "వాణ్ణి చూసి నవ్వితే ఫ్రెంచివాళ్లని చూసి కూడా నవ్వాలిరా" అని చాక్‌పీస్ తీసుకున్నారు. పాఠం అక్కడితో ఆగిపోయింది. స్పానిష్‌లో ఎస్‌క్వేలా, పోర్చుగీసులో ఎస్కోలా, వెల్ష్‌లో అస్గోల్ అని వరసగా రాశారు. ఫ్రెంచివాళ్లు ఒకప్పుడు ఎస్కోల్ అనేవారు. తర్వాత మధ్యలో ఉన్న సకారం కూడా జారిపోయి ఎకోల్ అయింది. మాట మొదట్లో స, దాని వెంటనే ఇంకో హల్లు వస్తే చాలా భాషలవాళ్లకు ముందు ఒక అచ్చు ఆసరా కావాలి. ఇంగ్లీషు స్టేట్ స్పెయిన్‌లో ఎస్తాదో, ఫ్రాన్సులో ఎతా. అసలు పాత రోమన్ శాసనాల్లోనే ఇలాంటి మాటల ముందు ఇ చేర్చి చెక్కినవి ఉన్నాయి. మనం స్టేషన్ని ఇస్టేషన్ అన్నా, స్టూల్‌ని ఇస్టూల్ అన్నా జరిగేది అదే. పైగా హల్లుతో ఆగడం తెలుగు నోటికి వెలితి కాబట్టి చివర ఒక ఉ కూడా తగిలించి ఇస్కూలు చేసుకున్నాం. ఇందులో చదువు తక్కువతనం ఏమీ లేదు. ఫ్రెంచివాళ్లు చేస్తే భాషాచరిత్ర, మనవాళ్లు చేస్తే పల్లెటూరి యాస అనుకోవడం మాత్రం ఇప్పటికీ పోలేదు.

స్పెల్లింగ్ అడిగితే మేమందరం ఒక్క గుక్కలో ఒప్పజెప్పేవాళ్లం: ఎస్, సి, హెచ్, డబుల్ ఓ, ఎల్. మాస్టారు అడిగింది వేరు. "పలకని హెచ్ అక్కడెందుకుంది?" ఎవరూ నోరెత్తలేదు.

జవాబు గ్రీకు దాకా వెళ్తుంది. గ్రీకులో ఆ మాట స్ఖొలే. మన ఖ లాంటి ఒత్తు శబ్దమే వాళ్లకీ ఉండేది, దానికి ఒక ప్రత్యేకమైన అక్షరమూ ఉండేది. రోమన్ల లిపిలో ఆ అక్షరం లేదు కాబట్టి సి పక్కన హెచ్ పెట్టి రాసుకున్నారు. అలా లాటిన్‌లో స్కొలా అయింది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషు దాన్ని లాటిన్ నుంచి తీసుకున్నప్పుడు చెవికి వినపడినట్టే, హెచ్ లేకుండా రాసుకుంది. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లు అలాగే గడిచింది. ఆనక లాటిన్ బాగా చదువుకున్న పండితులు మాట పుట్టుక కనపడాలని హెచ్‌ని తెచ్చి ఇరికించారు. ఖ లోని ఒత్తు ఎప్పుడో పోయింది, ఒత్తు గుర్తు మాత్రం మిగిలింది. డెట్ అనే మాటలో పలకని బి కూడా ఇలా లాటిన్ మీద గౌరవంతో వచ్చిందే. ఐలండ్‌లోని ఎస్ ఇంకా అన్యాయం. దానికి లాటిన్ చుట్టరికమే లేదు. ఐల్ అనే వేరే మాటతో పొరబడి చేర్చారు, ఇక తీయలేదు.

తీసేద్దామని చూసినవాడు ఒకడున్నాడు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్, ఆయనా కొన్నాళ్లు బడిపంతులే. గ్రీకు నుంచి వచ్చిన మాటల్లో సి హెచ్ బదులు కె రాద్దామని, క్యారెక్టర్, కోరస్ లాంటివన్నీ కె తోనే మొదలవ్వాలని 1789లో ప్రతిపాదించాడు. జనం వినలేదు. 1828లో ఆయన వేసిన పెద్ద నిఘంటువులో కూడా స్కూల్ హెచ్‌తోనే ఉంది. స్పెల్లింగ్ టెస్టులో మార్కులు పోగొట్టుకున్న పిల్లలందరి తరఫునా ఆయన ఓడిపోయాడని నా బాధ.

ఇక డబుల్ ఓ సంగతి. పాత ఇంగ్లీషులో ఆ మాటను స్కోల్ అని దీర్ఘం తీసి పలికేవారు. రెండు ఓలు రాసింది ఆ దీర్ఘం కోసమే. సుమారు 1400 నుంచి 1700 మధ్య ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ చోటు మారాయి. ఓ కాస్తా ఊ అయింది. మూన్, ఫుడ్, టూత్ అన్నీ అలా మారినవే. నోరు మారింది, రాత మారలేదు.

ఇదంతా వింటూ సగం మందిమి బయటికి చూస్తున్నాం. అప్పుడు మాస్టారు అర్థం చెప్పారు. స్ఖొలే అంటే గ్రీకులో తీరిక.

"అంటే సెలవా సార్?" అని వెనక బెంచీ నుంచి ఒక గొంతు. ఆ పీరియడ్ మొత్తంలో అందరికీ నచ్చిన మాట అదొక్కటే.

మాస్టారు కాదనలేదు. పని లేని సమయం అనే అర్థం నుంచి, ఆ సమయంలో నలుగురూ కూర్చుని చేసే చర్చ, ఆ చర్చలో ఒకరు చెప్పేది, అది వినే గుంపు, చివరికి ఆ గుంపు కూడే చోటు, ఇలా ఆ మాట మెట్టు మెట్టుగా జరిగింది. గ్రీకులో వ్యాపకానికి విడిగా పేరు పెట్టలేదు, 'తీరిక లేకపోవడం' అన్నారు: అస్ఖొలియా. మనం శ్రమపడేదే తీరిక కోసం అని అరిస్టాటిల్ రాసింది ఈ మాటలతోనే. లాటిన్‌లోనూ ఇదే వరస. తీరిక ఓటియుమ్, అది లేకపోతే నెగోటియుమ్. ఇవాళ ఆఫీసుల్లో చేసే నెగోషియేషన్ అందులోంచి వచ్చిందే. రోమన్లు చిన్నపిల్లల బడిని లూదుస్ అని కూడా అనేవారు. ఆ మాటకు ఇంకో అర్థం ఆట.

ఎవరి తీరిక అన్నది మాత్రం మాస్టారు చెప్పలేదు, నేను తర్వాత చదువుకున్నాను. గ్రీకు కుర్రాణ్ణి బడికి తీసుకెళ్లి తీసుకొచ్చే మనిషిని పైదగోగోస్ అనేవారు, పిల్లవాణ్ణి నడిపించేవాడని. అతను సాధారణంగా బానిస. టీచర్ ట్రైనింగ్‌లో గొప్పగా వాడే పెడగాజీ ఆ పేరు నుంచే వచ్చింది. కొందరికి తీరిక చిక్కిందంటే వాళ్ల పని ఇంకెవరో చేస్తున్నారన్నమాట. స్కూల్ అంటే తీరిక అని ముచ్చటపడి రాసే వ్యాసాలు ఈ ముక్క వదిలేస్తే నాకు చిరాకు.

అర్థాలు చెప్పడం మొదలుపెడితే మళ్లీ అంతే పొడుగు. ఒకే తరహాగా ఆలోచించే పండితుల బృందం ఒక స్కూల్. యూనివర్సిటీలో ఒక విభాగం స్కూల్. అమెరికావాళ్లు కాలేజీని కూడా స్కూలే అంటారు. ఇంగ్లండులో పేరున్న పబ్లిక్ స్కూళ్లు ప్రభుత్వానివి కావు, ఫీజు కట్టి చదివేవి. మాస్టారు ఎక్కువసేపు ఆగింది 'ద' దగ్గర. చదువుకోవడానికి వెళ్తే 'ద' లేకుండా గో టు స్కూల్. నాన్న ఫీజు కట్టడానికో, మేస్త్రీ గోడ బాగుచేయడానికో వెళ్తే గో టు ద స్కూల్. హాస్పిటల్, ప్రిజన్ కూడా ఇంతే. రోగి వెళ్తే ఒకలా, చూడ్డానికి వచ్చినవాళ్లు వెళ్తే ఒకలా. ఆర్టికల్స్ మీద ఎన్నో పాఠాలు విన్నాను గానీ తలకెక్కింది ఇదొక్కటే.

చేపల గుంపుని కూడా స్కూల్ అంటారని చెప్పేసరికి ఎవడో "అవేం చదువుతాయి సార్" అన్నాడు. ఏమీ చదవవు. అది అసలు ఈ మాటే కాదు. డచ్చి భాషలో గుంపు అనే అర్థమున్న స్కోలె నుంచి వచ్చింది, గ్రీకు తీరికతో దానికి సంబంధం లేదు. ఇంగ్లీషులో చేపల గుంపుకే ఉన్న ఇంకో పేరు షోల్‌తో దానికి చుట్టరికం. అందుకే మంచి నిఘంటువుల్లో స్కూల్‌కి రెండు వేర్వేరు పద నమోదులు ఉంటాయి, స్పెల్లింగ్ ఒక్కటే అయినా.

ఈ సంచిక పనిమీద వచ్చిన మెసేజీల్లో మనల్ని మనం ఒకచోట అలమ్నస్, ఒకచోట అలమ్నై, ఒకచోట అలమ్నీస్ అనుకున్నాం. లాటిన్‌లో అలమ్నస్ అంటే పెంచుకున్న బిడ్డ. అన్నం పెట్టి పోషించడం అనే ధాతువు నుంచి పుట్టింది, మనం చదివిన బడిని అనే అల్మా మేటర్‌లోని అల్మా కూడా దాని తోబుట్టువే. ఒక్కడైతే అలమ్నస్, ఒక్కతైతే అలమ్నా, పదిమందైతే అలమ్నై. కమిటీవాళ్లు బ్యానర్ మీద అలమ్నీస్ అని వేయించినా నేను అభ్యంతరం చెప్పను. అజెండా కూడా లాటిన్‌లో బహువచనమే, దాన్ని ఏకవచనం చేసేసి ఇప్పుడు అజెండాస్ అంటున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. పొట్టిగా ఉంటుందని అమెరికావాళ్లు వాడే అలమ్‌తోనే చిక్కు. సరిగ్గా అదే స్పెల్లింగ్‌తో ఇంగ్లీషులో పటికకూ పేరుంది, అది వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది. బ్యానర్ మీద అది మాత్రం వద్దు.